చావడం తెలిసిన కణాలు

మార్చి 6

తమ్ముడి తొడలోంచి తీసిన గడ్డ ఇవాళ మా గదికి వచ్చింది. నిమ్మకాయంత అని చెప్పారు, చూస్తే బత్తాయంత ఉంది. మా పద్ధతి ప్రకారం డబ్బా మీద పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. సర్జన్ ఫోన్ చేసి, మీవాడిది పంపించానండీ అని చెప్పాక ఇంక పేరు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి.

ఇరవై ఏళ్ళుగా జనం ఒంట్లోంచి తీసిన ముక్కల్ని కోసి, రంగులద్ది, మైక్రోస్కోపులో చూసి, ఇది మంచిది, ఇది చెడ్డది అని తేల్చి చెబుతూ బతుకుతున్నాను. ఏ డబ్బా మూతైనా నేనే తీసేదాన్ని. ఇవాళ డబ్బా మూత తీయమని మైనాన్ని పిలిచాను. మైనం అంటే మా టెక్నీషియన్. ముక్కల్ని మైనపు దిమ్మల్లో బిగించేది ఆమే కాబట్టి, నాకు పని నేర్పిన పెద్దాయన సరదాకి అలా పిలిచారు, ఇప్పుడు సొంత పేరుతో పిలిస్తే ఆమే పలకదు.

సొంతవాళ్ళ స్లైడు మనం చూడకూడదు. ఈ గదిలో చూసేవాళ్ళం ఇద్దరమే, నేనూ, పెద్దాయనా. ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నారు. వచ్చే వారం వస్తారు. అప్పటిదాకా ఆగుతాను.

మార్చి 8

ఆగలేదు.

మార్చి 9

వార్డుకి వెళ్ళేసరికి తమ్ముడు కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, పక్క మంచం ముసలాయనకి క్లచ్ ఎలా వదలాలో పాఠం చెబుతున్నాడు. వాడికి డ్రైవింగ్ స్కూలు ఉంది కానీ, అసలు వాడికి కావలసింది బండి కాదు, వినేవాళ్ళు. ముసలాయన డిశ్చార్జి కాగానే కారు కొనేలా ఉన్నాడు. మరదలు స్టూలు మీద కూర్చుని నవ్వలేక నవ్వుతోంది.

ఆమె కాఫీ తేవడానికి వెళ్ళగానే వాడు గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇంకేదైనా సరే, ఆ మందులు మాత్రం వద్దు. అమ్మ బకెట్టు నాకింకా గుర్తుంది."

నాకు మాత్రం గుర్తులేదా. అమ్మకి కీమో ఎక్కించినన్నాళ్ళూ మంచం పక్కన ఒక నీలం బకెట్టు ఉండేది. స్కూలు నుంచి రాగానే దాన్ని కడగడం నా వంతు, కడిగినదాన్ని తిరిగి మంచం పక్కన పెట్టడం వాడి వంతు. బకెట్టు వాడి నడుముదాకా వచ్చేది. అంతా చేసినా అమ్మ దక్కలేదు. ఆ తర్వాత నాకున్నది వాడే, వాడికున్నది నేనే.

నీకు వాటి అవసరం రాదులేరా అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. రిపోర్టు ఇంకా ఎవరూ రాయలేదు.

మార్చి 11

మళ్ళీ చూశాను. ఇందులో తప్పేమీ లేదు. పెద్దాయన వచ్చేసరికి ఆయనకి కొంత పని తగ్గుతుంది.

ఇలాంటి గడ్డలో తేల్చాల్సింది ఒక్కటే, ఎన్ని కణాలు రెండుగా చీలుతున్నాయని. లెక్క ఒక గీతకి ఇవతల ఉంటే నెమ్మది రకం. కోసి తీసేశారు కాబట్టి ఊరికే కనిపెట్టుకుని ఉంటే చాలు. గీత దాటితే ఉరుకుల రకం, ఇక కీమో, రేడియేషన్, అన్నీ. చీలుతున్న కణం నల్లగా, అంచులు నూగునూగుగా కనిపిస్తుంది. తనంతట తాను చస్తున్న కణం కూడా నల్లగానే ఉంటుంది గానీ, ముడుచుకుపోయి, అంచులు నున్నగా ఉంటాయి. చస్తున్నవాటిని లెక్కలో కలపకూడదు. కొత్తగా చేరిన పిల్లలు రెండింటినీ కలిపేస్తారు, మా చేత తిట్లు తింటారు.

వీడి స్లైడులో నల్లవి చాలా ఉన్నాయి. ఎక్కువగా చస్తున్నవే. కొన్ని ఎటూ తేలలేదు, రంగు సరిగా ఎక్కకపోయి ఉంటుంది. వాటిని కూడా చస్తున్నవాటిలోనే వేశాను. అలా వేస్తే లెక్క గీతకి ఇవతలే ఉంది.

అయినా చస్తున్నాయంటే మంచిదే కదా.

మార్చి 14

పెద్దాయన వచ్చారు. నల్లద్దాలు, జేబులో చుక్కల మందు. కొత్త కంటితో చూస్తే నీ తలలో తెల్లవెంట్రుకలు కనబడుతున్నాయమ్మా అన్నారు. పాత కంటితోనే బాగుండేదండీ అన్నాను.

మా గదిలో ఒక పద్ధతి ఉంది, ఆయన పెట్టిందే. హద్దు మీద ఉన్న స్లైడు ఏదైనా వస్తే ఇద్దరం విడివిడిగా లెక్కపెడతాం. ఎవరి లెక్క వాళ్ళం మైనం చెవిలో చెబుతాం. రెండూ కలవకపోతే ఎవరిది ఎక్కువో ఎవరిది తక్కువో ఆమె చెప్పదు. "మళ్ళీ" అంటుంది, అంతే. కొత్తవాళ్ళు ఇదేం ఆటండీ అని నవ్వుతారు. ఒకరి లెక్క చెవిన పడితే రెండోవారి కన్ను దాన్నే వెతుక్కుంటుందని పెద్దాయన నమ్మకం.

ఇవాళ ఆయన కుర్చీ సర్దుకుని స్లైడు పెట్టుకుంటుండగానే, "తక్కువే సార్, నల్లవన్నీ చస్తున్నవే" అనేశాను. మైనం చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. మీ తమ్ముడిది నువ్వు చూడకుండా ఉండాల్సింది అన్నారు ఆయన. పైపైన చూశానులెండి అన్నాను. ఆయన చాలాసేపు చూశారు, కన్ను తుడుచుకున్నారు, మళ్ళీ చూశారు. చివరికి, సరే, అలాగే ఉంది అని సంతకం పెట్టారు. మైనం చెవిలో ఇవాళ ఎవరమూ ఏమీ చెప్పలేదు.

మార్చి 15

తమ్ముడిదని నేను ఆ స్లైడును వేరేగా చూడలేదు.

మార్చి 21

కాన్సర్ డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన మా రిపోర్టు రెండుసార్లు చదివి, నెమ్మది రకమే కాబట్టి మందులు అక్కర్లేదు, మూడేసి నెలలకి స్కాను తీసి చూద్దాం అన్నారు. మరదలు కుర్చీలోంచి లేచి, ఎవరున్నారో చూసుకోకుండా నన్ను కావలించుకుంది. మీరు చూశారు కదా వదినా, ఇంక నాకు బెంగ లేదు అంది. మెట్లు దిగుతూ తమ్ముడు కుంటుకుంటూనే ఈల వేశాడు.

రాత్రి అన్నం సయించలేదు. సంతోషం ఎక్కువైతే నాకు అలాగే అవుతుంది.

మార్చి 22

తమ్ముడిదని నేను ఆ స్లైడును వేరేగా చూడలేదు.

ఏప్రిల్ 18

ఇవాళ విద్యార్థులకి క్లాసు. కణచక్రం, కణాల చావు. ఏటా చెప్పేదే, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రెండుగా చీలే ముందు కణం ఒక చుట్టు తిరుగుతుంది. ఆ దారిలో తనిఖీలు ఉంటాయి. లోపల ఏదైనా చెడి ఉంటే అక్కడ ఆగాలి, బాగుచేసుకోవాలి. బాగుపడకపోతే పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా తనంతట తాను చచ్చిపోవాలి. గడ్డలో ముందు పోయేది ఆ ఆగడం. చావడం మాత్రం వెంటనే పోదు. చక్రాన్ని గట్టిగా తోసే శక్తే కణాన్ని చావు వైపు కూడా తోస్తుంది. అందుకని జోరుగా చీలే గడ్డలో చస్తున్నవి కూడా జోరుగానే కనబడతాయి.

వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, చస్తున్నవి ఎక్కువుంటే గడ్డ తగ్గుతున్నట్టే కదా మేడమ్ అంది. అందరూ పడే గోతిలోనే నువ్వూ పడ్డావమ్మా అన్నాను. ఇన్ని చస్తున్నా గడ్డ పెరుగుతోందంటే ఎన్ని పుడుతున్నాయో చూసుకోమన్నాను. అందరూ నవ్వారు, ఆ అమ్మాయి కూడా నవ్వి రాసుకుంది. క్లాసు బాగా జరిగింది.

ఇంటికి వచ్చేసరికి తల పగిలిపోతోంది. మాత్ర వేసుకుని పడుకున్నాను.

జూన్ 23

మొదటి స్కాను శుభ్రంగా ఉంది. నేను చెప్పలేదూ.

జూలై 5

తమ్ముడు పట్టుబట్టి నాకు డ్రైవింగ్ నేర్పిస్తున్నాడు. ఈ వయసులో ఎందుకురా అంటే, ముసలాయన దొరకలేదు, నువ్వు దొరికావు అంటాడు. స్కూలు కారులో వాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. కొత్తవాళ్ళు తడబడితే వాడు తొక్కుతాడు. మార్కెట్ వీధి మలుపులో ఎదురుగా లారీ వచ్చేసరికి నేను స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకున్నాను. బండి మెత్తగా ఆగింది.

వాడు తిట్టలేదు. కళ్ళు మూసుకుంటే లారీ పోదక్కా అన్నాడు. ఆ తర్వాత దారంతా నవ్వుతూనే ఉన్నాడు, ఇంటికి వెళ్ళి మరదలికి కూడా నటించి చూపించాడు. కాలు పూర్తిగా బాగుపడింది. ఒళ్ళు కూడా చేశాడు.

సెప్టెంబర్ 9

తమ్ముడికి దగ్గు. ఈ రోజుల్లో ఎవరికి లేదు.

సెప్టెంబర్ 16

మరదలు ఫోన్ చేసింది. దగ్గు తగ్గలేదట, మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడట. వాతావరణం మారిందిలే, స్కాను ఎలాగూ ఈ నెలాఖరుకి ఉంది కదా అన్నాను. మీరలా అంటే సరే వదినా అని పెట్టేసింది.

సెప్టెంబర్ 24

రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు.

సెప్టెంబర్ 26

పెద్దాయన మార్చినాటి స్లైడు బయటికి తీయించారు. నన్ను పిలవలేదు. నేనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన పెదవి కదపకుండా లెక్కపెట్టి, మైనాన్ని పిలిచి చెవిలో చెప్పారు. తర్వాత లేచి, తన కుర్చీ నాకు చూపించారు.

కూర్చున్నాను. మార్చిలో ఎటూ తేలనివన్నీ ఇవాళ తేటగా తేలుతున్నాయి. రంగు బాగానే ఎక్కింది, అప్పుడూ బాగానే ఎక్కింది. అంచులు నూగుగా ఉన్నాయి. మైనం చెవిలో నా లెక్క చెప్పాను. ఆమె "మళ్ళీ" అనలేదు. గీత దాటింది. కొంచెం కాదు, బాగా దాటింది.

నేను ఊరుకోలేదు. చస్తున్నవి కూడా చాలా ఉన్నాయి సార్, అదైతే అబద్ధం కాదు కదా అన్నాను.

"ఉన్నాయమ్మా. ఇన్ని చస్తుంటే గడ్డ అంత ఎలా పెరిగింది? ఏటా పిల్లల్ని ఆ ప్రశ్న అడిగేది నువ్వే కదా" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. తప్పులో సగం తనదన్నారు. నువ్వు మాట అనేశాక నా కన్ను దాన్నే వెతుక్కుంది, నా పద్ధతి నేనే వదిలేశాను అన్నారు. రిపోర్టు సరిదిద్దాం. జరిగింది పైవాళ్ళకి రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. కాన్సర్ డాక్టరుకి ఆయనే ఫోన్ చేశారు. ఇంట్లోవాళ్ళకి నువ్వు చెబుతావా, మమ్మల్ని చెప్పమంటావా అని అడిగితే, నేనే చెబుతానన్నాను. ఆయనది సగం ఏమీ లేదు. అంతా నాదే.

అక్టోబర్ 1

పాత దిమ్మలోంచి కొత్త పొరలు తీయించి రెండు ప్రత్యేకమైన రంగులు వేయించాను. ఒకటి చక్రంలో తిరుగుతున్న కణాలకే పడుతుంది, రెండోది చస్తున్న కణాలకే పడుతుంది. ఎక్కడో కాస్త నా మాట నిజమవుతుందేమోనని ఆశ. సిగ్గు లేదు నాకు.

మొదటి రంగు ఎక్కడ చూసినా ఉంది. రెండోది కూడా బాగానే పడింది. చావు యంత్రం అప్పటికి పని చేస్తూనే ఉందన్నమాట. కీమో చేసే పని కూడా ఇంతే, తిరుగుతున్న కణాన్ని దెబ్బ కొట్టి, నువ్వు చెడిపోయావు, ఇక చచ్చిపో అని దానికి గుర్తు చేయడం. ఆ మాట వినే కణాలు మార్చిలో వీడి ఒంట్లో ఉన్నాయి. ఏ కణాలని చూపించి మందులు అక్కర్లేదన్నానో, మందులకి లొంగేవి అవే.

అక్టోబర్ 8

ఊపిరితిత్తిలోంచి సూదితో తీసిన ముక్క వచ్చింది. దాన్ని నేను ముట్టుకోలేదు. పెద్దాయన రిపోర్టు రాసి సంతకం పెట్టాక, ఒక్కసారి చూస్తానండీ అని అడిగి తీసుకున్నాను.

చీలుతున్నవి కొల్లలు. చస్తున్న కణం కోసం వెతికాను. మార్చిలో లేనిచోట కూడా నా కంటికి కనిపించాయి, ఇవాళ ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి వెతికాను. పొద్దున కూర్చున్నదాన్ని, భోజనానికి మైనం వచ్చి భుజం తట్టేదాకా లేవలేదు. చావడం తెలిసినవి అప్పుడే చచ్చిపోయాయి. తెలియనివి మిగిలి, ఆరు నెలలు ఎవరి అడ్డూ లేకుండా పెరిగాయి. ఆ ఆరు నెలలు వాటికి ఇచ్చింది నేను.

అక్టోబర్ 12

చెప్పాను. రోడ్డు పక్కన ఆపి ఉన్న స్కూలు కారులో, నేను డ్రైవరు సీట్లో, వాడు పక్కన. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వాడు మధ్యలో రెండుమూడు సార్లు దగ్గాడు.

"అప్పుడే మందులు ఇచ్చుంటే తగ్గేదా?"

"తగ్గేదని చెప్పలేను. అవకాశం ఉండేది. ఇప్పుడున్నదానికంటే చాలా ఉండేది."

"నేను వద్దన్నానని అలా రాశావా?"

నువ్వు వద్దన్నందుకు కాదురా, నేను చూడలేక అని చెప్పాను. నిన్ను ఆ బకెట్టు పక్కన ఊహించుకోలేకపోయానని చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. వాడు అద్దంలోంచి వెనక వచ్చే బండ్లని చూస్తూ కూర్చున్నాడు.

"మా ఆవిడకి చెప్పకు" అన్నాడు చివరికి. "నేను పోయాక దానికి నువ్వు తప్ప ఎవరున్నారు? ఇది తెలిస్తే నువ్వు కూడా ఉండవు."

క్షమించానని వాడు అనలేదు. నేనూ అడగలేదు. ఇటు రా, నేను నడుపుతాను అని సీటు మార్చుకుని, నన్ను ఇంటి దగ్గర దింపి, తలుపు గట్టిగా వేయమని చెప్పి వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 30

కీమో మొదలైంది. ఈసారి బకెట్టు ఎర్రది. నేను కడుగుతుంటే మరదలు వచ్చి, మీరెందుకు వదినా, ఇటివ్వండి అంది. నాకు అలవాటేలే అన్నాను. మంచం మీద నుంచి తమ్ముడు, కడగడంలో మా అక్కకి చిన్నప్పటి నుంచి మంచి పేరు అన్నాడు. మరదలు నవ్వింది. వాడు నా వైపు చూడలేదు.

నవంబర్ 20

స్కాను. ఒక్క మచ్చ కూడా తగ్గలేదు, కొత్తవి వచ్చాయి. మందులు ఆపేద్దాం, ఒంటికి బాధ తప్ప ప్రయోజనం లేదు అన్నారు కాన్సర్ డాక్టరు. అలాగే అవుతుందని నాకు అక్టోబరు నుంచీ తెలుసు.

డిసెంబర్ 2

ఇవాళ వాడు కాసేపు బాగా మాట్లాడాడు. అందరితో మాట్లాడాడు. స్కూలు కారు ఎవరికి అమ్మాలో చెప్పాడు. నేను దగ్గరికి వెళ్తే కళ్ళు మూసుకున్నాడు. నిద్ర వచ్చి ఉంటుంది.

డిసెంబర్ 13

పోయాడు.

జనవరి 4

ఆదివారం మరదలి ఇంట్లోనే ఉన్నాను. ఇద్దరికీ వండి, పక్కన కూర్చుని నాకు వడ్డించింది. మీరున్నారు కాబట్టి ఈమాత్రం లేచి తిరుగుతున్నాను అంది. మార్చిలో మీరు చూశారన్న ధైర్యంతోనే ఆ ఆరు నెలలూ హాయిగా నిద్రపోయాను వదినా, ఆ సుఖమైనా దక్కింది నాకు అంది. అన్నం తిన్నాను. మళ్ళీ వడ్డిస్తే మళ్ళీ తిన్నాను.

చెప్పకూడదు. తమ్ముడి మాట కాదనలేను.

జనవరి 11

తమ్ముడి మాట కాదనలేను.

జనవరి 18

తమ్ముడి మాట కాదనలేను అని ఇంకా ఎన్ని ఆదివారాలు రాసుకుంటాను. అది కాదు సంగతి. ఆమె వదినా అని పిలుస్తుంటే బాగుంది. తలుపు తీయగానే ఆ మొహం బాగుంది. ఆ ఇంట్లో వాడి కుర్చీ ఉంది, ఎదురుగా నాకు చోటుంది. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకని వాడి మాటని అడ్డం పెట్టుకున్నాను. మార్చిలో ఎటూ తేలనివాటిని నాకు నచ్చినవైపు వేసుకున్నట్టే ఇప్పుడూ వేసుకున్నాను.

రేపు వెళ్ళి చెబుతాను.

జనవరి 19

చెప్పాను.

మంచం మీద వాడి చొక్కాలు పరుచుకుని మడతపెడుతోంది. నేను మొదలుపెట్టగానే ఇంకేదో చెబుతున్నాననుకుని తలూపింది. తర్వాత చేతులు ఆగాయి. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది, చెప్పాను. స్లైడులో ఏం చూశానో, ఏం చూడకూడదనుకున్నానో, పెద్దాయన చూడకముందే ఏమన్నానో, ఏదీ దాచలేదు.

"ఆయనకి తెలుసా?"

"తెలుసు. అక్టోబరులో నేనే చెప్పాను."

"రెండు నెలలు ఆయన పక్కనే కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు నాతో."

"వాడే చెప్పొద్దన్నాడు. వాడు పోయాక నీకు నేనైనా మిగలాలని."

ఆమె అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చేతిలో ఉన్న చొక్కాకి బొత్తాలు పెట్టి, చేతులు లోపలికి మడిచి, మిగతావాటి మీద పెట్టింది. అప్పుడు నా మొహంలోకి చూసింది.

"నాకు మిగలాల్సింది మీరు కాదు వదినా" అంది.